మరమగ్గాల షెడ్డులో కరెంటు లెక్క

షోలాపురము, భీవండి పట్టణములలో మన నేత కుటుంబములవారు మరమగ్గములు పట్టి చాల కాలమైనది. పడుగు పొడవు, పేక నూలు, అచ్చు లెక్క మన పిల్లలకు సహితము నోటికి వచ్చును. గోడకున్న మీటరు లెక్కను మాత్రము కరెంటు మేస్త్రీకే వదలివేయుచున్నాము. నిజమునకు ఆ లెక్క అచ్చు లెక్క కంటె కష్టమైనది కాదు. గుణకారము, భాగహారము వచ్చినవారెవరైనను చేయవచ్చును.

తీగలో కరెంటును త్రోయు ఒత్తిడిని వోల్టులలో కొలుతురు. పారెడు కరెంటును ఆంపియర్లలో కొలుతురు. పారనీయక అడ్డగించు గుణమునకు నిరోధమని పేరు. దాని కొలత ఓము. జర్మనీ దేశీయుడగు జార్జి సైమన్ ఓము ఈ మూడింటికి గల సంబంధమును 1827లో ప్రకటించెను గనుక ఆయన పేరే కొలతకు వచ్చినది. వోల్టులను ఆంపియర్లచే భాగించిన ఓములు వచ్చును. అదే వోల్టులను ఆంపియర్లచే గుణించిన వాట్లు వచ్చును. వేయి వాట్ల సామాను ఒక గంట పనిచేసిన మీటరుపై ఒక యూనిట్ పడును.

అద్దకపు గదిలో నీళ్లు కాచు హీటరును తీసికొందము. 230 వోల్టుల వద్ద అది 4.35 ఆంపియర్లు లాగుచున్నదనుకొనుడు. గుణించిన 1000 వాట్లు. భాగించిన సుమారు 53 ఓములు. సాయంకాలము వోల్టేజి 200కు దిగినది. హీటరులోని తీగ అదే గనుక నిరోధము దాదాపు మారదు. 200ను 53చే భాగించిన 3.77 ఆంపియర్లు, దానిని మరల 200చే గుణించిన 755 వాట్లు మాత్రమే. వోల్టేజి తగ్గినది నూటికి 13. వేడి తగ్గినది నూటికి 24 పైచిలుకు! ఒత్తిడితో పాటు కరెంటు కూడ తగ్గుటయే దీనికి కారణము. 20 లీటర్ల నీరు 30 డిగ్రీల నుండి 90 డిగ్రీలకు కాగవలెనన్న, గాలిలో పోవు వేడిని లెక్కింపకున్నను, మొదట 84 నిమిషములు చాలును. తరువాత 111 నిమిషములు పట్టును. రంగు సరిగా పట్టలేదని పొడి అమ్మినవానిని తిట్టుటకు ముందు వోల్టుమీటరు చూచుట మేలు.

మోటారు సంగతి వేరు. తిరుగుచున్న మోటారు తానే ఎదురు ఒత్తిడి పుట్టించును గనుక, దాని వోల్టులను ఆంపియర్లచే భాగించి ఇది నిరోధమనరాదు. వోల్టేజి తగ్గినపుడు హీటరు తక్కువ కరెంటు లాగును, మోటారు ఎక్కువ లాగును. మగ్గము అడుగు పని తగ్గలేదు గదా! చుట్టలు వేడెక్కి మోటారు కాలిపోవుట ఇందువలననే. వాట్ల లెక్కలోను పవర్ ఫ్యాక్టరును కలుపవలెను. త్రీఫేజు 400 వోల్టులు, ఒక్కొక్క తీగలో 2 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టరు 0.7 అనుకొన్నచో, 1.73 × 400 × 2 × 0.7, అనగా సుమారు 970 వాట్లు. ఒక హార్సుపవరు 746 వాట్లే గదా, తక్కినది ఏమైనదని అడుగవచ్చును. అది మోటారులో వేడిగా పోయినది. బిల్లు మాత్రము దానికిని కట్టవలెను. పది గంటలకు 9.7 యూనిట్లు. ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబములు మగ్గములు నడుపుచోట బిల్లును మగ్గముల సంఖ్యచే పంచుట కంటె ఇట్లు వాట్లను, గంటలను బట్టి పంచుట న్యాయమని మా అభిప్రాయము.

ఇక తీగల మాట. నూలు కౌంటు పెరిగిన కొలది నూలు సన్నమగునట్లే, పాత గేజి లెక్కలో అంకె పెరిగిన కొలది తీగ సన్నము. ఇప్పుడు చదరపు మిల్లీమీటర్లలో అమ్ముదురు. ఇందు అంకె పెరిగిన తీగ లావు. తికమకపడి సన్నతీగ కొనరాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ 30 మీటర్ల దూరము పోయి తిరిగి వచ్చిన మొత్తము 60 మీటర్లు. దాని నిరోధము సుమారు 0.7 ఓము. 10 ఆంపియర్లు పారిన 7 వోల్టులు దారిలోనే పోవును, 70 వాట్లు తీగ పొడవునా వేడియగును. కరెంటు 20 ఆంపియర్లయిన వేడి రెట్టింపు కాదు, నాలుగింతలై 280 వాట్లగును.

తీగ పొడవునా పరచుకొన్న వేడి కంటె ఒక్కచోట నిలిచిన వేడి ప్రమాదము. వదులైన జాయింటు నిరోధము అర ఓమే కావచ్చును. 10 ఆంపియర్లు పారిన అక్కడ 5 వోల్టులు తగ్గును, 50 వాట్ల వేడి గోరంత స్థలములో పుట్టును. దానిమీద దూది నూగు పేరుకొని యున్నచో అంటుకొనుటకు ఎంతసేపు? ఫ్యూజు కాపాడునని నమ్మరాదు. ఫ్యూజు పోవునది కరెంటు మితి మీరినపుడు. వదులు జాయింటు వలన కరెంటు పెరుగదు, కొంచెము తగ్గును కూడ. కావున మగ్గములు గంటసేపు నడచిన పిమ్మట మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టరుతో చూచుకొని, జాయింట్లను ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. పక్కదాని కంటె వేడిగా నున్నదానిని, పైతొడుగు రంగు మారినదానిని ఆనాడే మేస్త్రీచే విప్పించి బిగింపింపవలెను.