మహేంద్రగిరి: చూడవలసిన తీరు

ఒడిశాలోని గజపతి జిల్లాలో సుమారు 1,500 మీటర్ల ఎత్తుగల మహేంద్రగిరిపై కుంతి, భీమ, ధర్మరాజుల పేర్లతో పిలిచే ప్రాచీన శిలాలయాలున్నాయి. భీముని గుడి చిన్నదే. దానిని కట్టిన బండలు మాత్రం చాలా పెద్దవి. కళింగనగరం నుండి ఏలిన తూర్పు గాంగులు ఈ కొండమీది గోకర్ణేశ్వరుని కులదైవంగా తమ తామ్రశాసనాలలో కీర్తించారు. చోళుల విజయాన్ని తెలిపే శాసనమూ ఇక్కడ ఉన్నది.

ఈ కొండను ఒడిశా ప్రభుత్వం 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇక్కడ పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లా బారువ వద్ద సముద్రంలో కలుస్తుంది. అడవి పలచబడితే వాననీరు ఇంకదు. మన్నును కోసుకుంటూ దిగుతుంది. అప్పుడు ఏటికీ, గుళ్ల చుట్టూ ఉన్న నేలకూ ఒకేసారి నష్టం. అందుచేత శిథిలాల రక్షణ, అడవి రక్షణ వేరువేరు పనులు కావు.

శాసనాక్షరాలు కనబడాలని సుద్దగాని నూనెగాని పూయరాదు. ఉదయం, సాయంకాలం ఏటవాలు ఎండ పడినప్పుడు గీతలలో నీడ నిలిచి అక్షరాలు తేటపడతాయి. మందుమొక్కలను పెకలించరాదు; వాటి పేర్లను ఆ ప్రాంతపు సవరలను అడిగి రాసుకోవాలి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను ఆ జనుల నోటనే విని నేర్చుకొన్నారు. మన విద్యార్థులకు ఆ దారి కొత్తది కాదు.