చర్మమును పట్టియుంచు ముప్పేట

చేదతో నీరు తోడునప్పుడు, బస్తా నెత్తునప్పుడు అరచేతి చర్మము ఎంతో రాపిడికి లోనగును. అయినను పైచర్మము లోచర్మమునుండి ఊడిరాదు. ఈ రెండింటిని కలిపి పట్టియుంచునది ఏమి?

పైచర్మము కణముల దొంతర. దాని అడుగు వరుస కణములు ఆధారత్వచము అను పలుచని పొరమీద నిలిచియుండును. కణమునకును, ఈ పొరకును నడుమ గుండీలవంటి అతుకులు కలవు. వీనిని హెమిడెస్మోసోములందురు. ఈ అతుకులలో ముఖ్యమైనది పదునేడవ రకపు కొల్లాజన్ అను ప్రోటీన్.

కొల్లాజన్ జాతి ప్రోటీన్లు ఎముకలలోను, చర్మములోను విస్తారముగా నున్నవి. వీనిలో మూడు పోగులు ముప్పేట తాడువలె పురివేసుకొనియుండును. ఈ మూడు పోగుల నమూనాను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించి, 1955లో మెలివడిన తాడు రూపముగా సవరించిరి.

ఒక్కొక్క పోగు అమైనో ఆమ్లముల వరుస. ముప్పేటయందు ప్రతి మూడవ స్థానమున గ్లైసీన్ అను ఆమ్లముండవలెను. ఏలన, పోగులు పెనవేసుకొనునపుడు ప్రతి మూడవ ఆమ్లము తాడు నడుమకు వచ్చును. అచట చోటు మిక్కిలి తక్కువ. గ్లైసీన్‌కు పార్శ్వమున ఒక్క హైడ్రోజన్ పరమాణువు మాత్రమే కలదు గనుక అది ఇముడును. మరియొకటి అచట సరిగా ఇమడదు.

సాధారణముగా కొల్లాజన్లు కణము వెలుపల నుండును. పదునేడవ రకము అట్లు కాక, కణత్వచమును దూసికొని పోవును. దీని ఒక్కొక్క పోగులో 1497 ఆమ్లములున్నవి. అందు 466 కణము లోపల, 23 కణత్వచములో, తక్కిన 1008 వెలుపల నుండును. లోపలి కొస ప్లెక్టిన్ మొదలగు ప్రోటీన్ల మూలమున కణములోని కెరటిన్ పోగులతో ముడివడును. వెలుపలి భాగము ఆధారత్వచములోని లామినిన్‌ను పట్టుకొనును.

వెలుపలి భాగమంతయు ఒకే ముప్పేట కాదు. అందు 15 ముప్పేట ఖండములున్నవి. పెద్దదానిలో 242 ఆమ్లములు కలవు. ఖండముల నడుమ పురిలేని భాగములుండును. ముప్పేట బిగువు నిచ్చును, పురిలేని భాగము వంగును. కావున చర్మమును లాగినపుడు అతుకు తెగక సాగును.

ఈ ప్రోటీన్ జన్యువు పదవ క్రోమోజోముపై నున్నది. తల్లినుండి, తండ్రినుండి వచ్చిన రెండు ప్రతులును చెడినచో బిడ్డకు పుట్టినది మొదలు కొద్దిపాటి రాపిడికే బొబ్బలు లేచును. పంటి పింగాణియు సరిగా ఏర్పడదు. కొన్ని కుటుంబములలో ఒక్క గ్లైసీన్ స్థానమున వేరొక ఆమ్లము చేరుటయే దీనికి కారణమని తేలినది. వృద్ధులలో కానవచ్చు మరియొక బొబ్బల వ్యాధిలో జన్యువు చెడదు. శరీరములోని రక్షకద్రవ్యములే పొరబడి, ఈ ప్రోటీన్‌లో కణత్వచమును ఆనుకొనియున్న భాగముపై దాడిచేయును.

ఈ రెండును అంటువ్యాధులు కావు. సూక్ష్మజీవులవలన వచ్చునవియు కావు. పుట్టుకతో ఈ బాధగల బిడ్డ మన తరగతికి వచ్చినచో, ప్రక్కన కూర్చుండుటకు ఎవరును జంకనక్కరలేదు. ఆ బిడ్డ చేయిపట్టి లాగకుండుట, ఆటలలో త్రోపులాటకు గురికాకుండ చూచుట మాత్రము ఉపాధ్యాయులు, తోటి విద్యార్థులు మరువరాదు.