బారామహల్ నుంచి బారోనెట్ దాకా

కృష్ణగిరి బ్రాంచిలో పంట రుణానికి వచ్చే రైతు ముందుగా నా బల్లమీద పెట్టేది పట్టా. కాగితం తమిళంలో, రైతు మాట తెలుగులో. పొలం ఎవరి పేర ఉందో చూడటం మా మొదటి పని. ఆ పేరు ఏ జమీందారుదో కాక రైతుదే కావడం వెనక ఒక స్కాట్లండు వర్తకుడి కొడుకు ఉన్నాడు. ఆయనతోనే ఒక బిరుదు వంశమూ మొదలైంది.

థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో తండ్రి వ్యాపారం దెబ్బతింది. కొడుకు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. 1792 శ్రీరంగపట్నం సంధితో, మన కృష్ణగిరి, ధర్మపురి ఉన్న బారామహల్‌ను టిప్పు సుల్తాను కంపెనీకి వదులుకున్నాడు. హోసూరు వైపు మాత్రం 1799లోగాని కంపెనీ చేతికి రాలేదు. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద మన్రో ఏడేళ్లు బారామహల్‌లో పనిచేశాడు. నివాసం ఎక్కువగా ధర్మపురిలో. ఊరూరా పొలాలు కొలిపించి, మధ్యవర్తి లేకుండా శిస్తును రైతుతోనే తేల్చే రైత్వారీ పద్ధతి ఇక్కడ రూపుదిద్దుకుంది.

తరువాత 1800 నుంచి 1807 దాకా బళ్లారి, కడప వైపు దత్త మండలాలకు ఆయనే కలెక్టరు. అక్కడివాళ్లు పిల్లలకు 'మన్రోలప్ప' అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారన్న కథ నేటికీ చెబుతారు.

అయితే జమ వైపే రాస్తే లెక్క కుదరదు. శిస్తు బరువైనదే. దాన్ని పాతిక శాతం తగ్గించాలని 1807లో మన్రోయే రాశాడు; పైవారు ఒప్పుకోలేదు. 1820లో మద్రాసు గవర్నరయ్యాక గాని తగ్గింపు రాలేదు.

1825లో ఆయనకు 'లిండర్టిస్ బారోనెట్' బిరుదు వచ్చింది. బారోనెట్ అంటే పేరుకు ముందు 'సర్' పెట్టుకునే వంశపారంపర్య హోదా. ప్రభువుల సభలో చోటు మాత్రం ఉండదు. రెండేళ్లకే, 1827 జూలై 6న, పత్తికొండలో కలరాతో ఆయన కన్నుమూశాడు. ఎనిమిదేళ్ల పెద్దకొడుకు థామస్ రెండవ బారోనెట్ అయ్యాడు. 1901లో ఆయన పోతే తమ్ముడు క్యాంప్‌బెల్, 1913లో క్యాంప్‌బెల్ కొడుకు హ్యూ ఆ బిరుదుకు వచ్చారు. ఈ హ్యూ కొండలెక్కే మనిషి. స్కాట్లండులో 3,000 అడుగులు దాటిన శిఖరాల జాబితాను 1891లో అచ్చువేయించాడు. ఆ శిఖరాలను అక్కడివారు నేటికీ 'మన్రో'లనే పిలుస్తారు. తాత పేరు మన వైపు పిల్లలకు దక్కితే, మనవడి పేరు అక్కడి కొండలకు దక్కింది!

బిరుదుకూ పట్టాకూ ఒక తేడా ఉంది. బిరుదు ఒక్కడికే, అదీ మగవాడికే చెందుతుంది. పట్టా అందరికీ పంచబడుతుంది. 2005 చట్ట సవరణతో హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. అయినా నా బల్లమీదికి వచ్చిన పట్టాల్లో ఆడపిల్లల పేర్లు అరుదు. 'మా అమ్మాయికి కట్నం ఇచ్చేశాం గదండీ' అని పెద్దలు నవ్వేసేవారు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు పట్టా తీసి పిల్లలకు చూపించండి. అందులో తాతగారి పేరు చదివించండి. తరువాతి వరుసలో అమ్మాయి పేరుందో లేదో కూడా చూడండి. లేకపోతే బారోనెట్ల వంశానికీ మనకూ తేడా ఏముంది?