బిడ్డ చూపుకు మొదటి సాక్షి తల్లే

"అయ్యగారూ, మా బాబు చూస్తున్నాడంటారా?" మన్ననూరులో మూడు నెలల బిడ్డనెత్తుకొని ఒక తల్లి నన్ను అడిగిన ప్రశ్న ఇది. పక్కనే ఉన్న అవ్వ, "పసిగుడ్డుకు అప్పుడే ఏం చూపు? పెరిగితే అదే వస్తది" అంది.

నేను వైద్యుడను కాను. అయినా ఆ తల్లిని గాజులు చప్పుడు కాకుండా, నోరు మెదపకుండా, జానెడు దూరంలో ముఖం మెల్లగా అటూ ఇటూ కదపమన్నాను. బిడ్డ కళ్ళు తల్లి ముఖం వెంటే తిరిగాయి. ఆమె ముఖం వికసించింది. అయినా ఏ.ఎన్.ఎం.కు ఒకసారి చూపించమనే చెప్పాను.

ప్రియమైన తల్లిదండ్రులారా, పసిబిడ్డ "నాకు కనబడుటలేదు" అని చెప్పలేడు. అందుకే బిడ్డను పెంచేవారినే అడిగి చూపు ఎదుగుదలను తెలిసికొనే పద్ధతులను వైద్యులు రూపొందించారు. స్పెయిన్ దేశపు వైద్యులు 2014లో ప్రకటించిన 'ప్రీవియాస్' అటువంటిదే. రెండేళ్ళలోపు బిడ్డల కోసం అందులో 30 ప్రశ్నలున్నాయి. బిడ్డ దృష్టి నిలుపుతాడా, చూపుతో మనుషులకు బదులిస్తాడా, చూచిన దానికి చేయి చాస్తాడా, చూచిన దానిని గుర్తుపడతాడా అన్నవే వాటి సారాంశం.

మన ఇండ్లలో కూడా ఈ సంగతులు గమనించవచ్చును:

రెండు నెలలకు: మీ ముఖం చూచి నవ్వుతాడా?
మూడు నెలలకు: కదిలే వస్తువు వెంట చూపు తిప్పుతాడా?
ఆరు నెలలకు: కనబడిన వస్తువు కోసం చేయి చాస్తాడా? రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తున్నాయా?
తొమ్మిది, పది నెలలకు: నేలమీది చిన్న మెతుకును చూచి ఏరుకుంటాడా?
ఏడాదికి: కావలసిన దానిని వేలితో చూపుతాడా?

జవాబు చెప్పవలసినది పగలంతా బిడ్డతో ఉండేవారు. తల్లి కూలికో, అడవికో వెళ్తే అవ్వనే అడగాలి. గిలక్కాయ మోగిస్తే బిడ్డ చెవితో తిరుగుతాడు, కంటితో కాదు. కనుక చప్పుడు లేకుండానే చూడాలి. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డకు వయసును కాన్పు కావలసిన తేదీ నుండి లెక్కించాలి. 34 వారాలలోపు పుట్టినవారికి, లేక రెండు కిలోలకంటె తక్కువ బరువున్నవారికి, పుట్టిన 30 రోజులలోపే నేత్రవైద్యుని పరీక్ష తప్పనిసరి.

అన్నిటికీ "అవును" వచ్చినంత మాత్రాన కళ్ళు బాగున్నట్లేనని అనుకోరాదు. ఒక కన్ను చూడకపోయినా, రెండవ కన్ను ఆ లోటును కప్పివేస్తుంది. "కాదు" వచ్చినంత మాత్రాన గ్రుడ్డితనమనీ కాదు. ప్రశ్నలు దారి చూపుతాయి, నిర్ధారణ మాత్రం వైద్యునిదే.

కంటిపాప తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. అది శుక్లం కావచ్చు, ప్రాణం తీసే కంటి క్యాన్సరు కూడా కావచ్చు. నాలుగు నెలలు దాటినా కన్ను మెల్లగా ఉంటే "మెల్లకన్ను అదృష్టం" అని మురిసిపోవద్దు. చూడడం మెదడు నేర్చుకొనే విద్య. పుట్టుకతో వచ్చిన శుక్లాన్ని తొలి వారాలలో తీస్తే ఆ విద్య అబ్బుతుంది. ఏండ్లు గడిచాక తీసినా, మెదడు నేర్వని చూపు పూర్తిగా రాదు. ఇక్కడ ఆలస్యమే అసలు శత్రువు.

మన్ననూరు చుట్టూ నల్లమల పెంటలలో ఉండే చెంచు తల్లులకు కంటి ఆసుపత్రి దూరం. కాని ప్రశ్నలకు బస్సు అక్కరలేదు. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త వారి మాటలలోనే అడగవచ్చు. అనుమానముంటే అచ్చంపేట ఆసుపత్రికి, అవసరమైతే హైదరాబాదులోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి పంపవచ్చు.

ఈ సాయంత్రం మీ ఒడిలోని బిడ్డ కళ్ళలోకి ఒక్క నిమిషం మౌనంగా చూడండి. పొరుగింటి బిడ్డనూ మరువకండి. అవ్వ "అదే వస్తది" అన్నా, మీ మనసు "ఎందుకో తేడాగా ఉంది" అంటే, మనసు మాటే వినండి.