మీకు తెలుసా? ఒక్క బస్సు, ఐదు ఆరామాలు

కార్తీక మాసం వచ్చిందంటే ఆర్టీసీ డిపోల్లో పంచారామ స్పెషల్ బోర్డులు కనిపిస్తాయి. ఆదివారం రాత్రి ఎక్కితే సోమవారం చీకటితోనే అమరావతి, ఆ తర్వాత భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, చివరికి సామర్లకోట. అయిదింటినీ ఒకే రోజులో దర్శించుకుంటే పుణ్యమని నమ్మకం కాబట్టి నిద్ర చాలకపోయినా బస్సులో ఎవరూ పెద్దగా సణగరు. క్యూలు పొడుగు, బస్సు ఆగే సమయం పొట్టి. ఇంతా చేస్తే గర్భగుడి ముందు దక్కేది అరనిమిషం. ఆ అరనిమిషానికి అటూ ఇటూ చూడదగ్గవి ఏమున్నాయన్నదే ఈ వారం ముచ్చట.

కథ చాలామందికి తెలిసిందే. తారకాసురుడి మెడలోని శివలింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడింది. అమరావతిలో ఇంద్రుడు, భీమవరంలో చంద్రుడు, పాలకొల్లులో విష్ణువు, ద్రాక్షారామంలో సూర్యుడు, సామర్లకోటలో స్వయంగా కుమారస్వామి వాటిని ప్రతిష్ఠించారని స్థలపురాణం. బస్సులో ఎవరో ఒక పెద్దావిడ తప్పకుండా ఈ కథ చెబుతుంది. డ్రైవరు రేడియో కట్టేసి మరీ వింటాడు.

అమరావతి అమరేశ్వరుడి లింగం ఎంత పొడవంటే, అర్చకులు ఎత్తుగా ఉన్న మెట్టు మీద నిలబడి అభిషేకం చేయాలి. ఈ గుడిని బాగుచేయించిన జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 18వ శతాబ్దం చివర్లో తన రాజధానిని ఇక్కడికి మార్చుకున్నాడు. ఊరు కట్టడానికి ఇటుకలూ రాళ్లూ కావాలి. దగ్గర్లోని ఒక దిబ్బను తవ్వితే చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. అది దిబ్బ కాదు, శాతవాహనుల కాలపు మహాచైత్యం. ఆ మాట విని 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ చూడవచ్చాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించి పెట్టాడు కాబట్టే, ఆ తర్వాత చెదిరిపోయిన స్తూపం ఎలా ఉండేదో ఇప్పుడు ఊహించగలుగుతున్నాం. శిల్పాల్లో చాలా భాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. మిగిలిన మట్టిగుట్ట గుడికి నడిచి వెళ్లేంత దూరమే. చీకట్లో వచ్చి చీకట్లోనే కదిలిపోయే బస్సువాళ్లకు మాత్రం అది కనిపించదు. ఈ యాత్రలో ఇంతకంటే పెద్ద లోటు లేదని నా అభిప్రాయం. ఒక్క గంట ఆలస్యంగా బయల్దేరితే పుణ్యం ఏమైనా తగ్గుతుందా?

ఆ స్తూపం సంగతి ఇంకొంచెం. ఆంధ్రదేశపు పెద్ద స్తూపాలకు నాలుగు దిక్కులా వేదికలు కట్టి, ఒక్కోదాని మీద అయిదేసి ఆయక స్తంభాలు నిలబెట్టేవారు. బుద్ధుడి జీవితంలోని అయిదు ఘట్టాలకు అవి గుర్తులు. పంచారామాల్లోని పొడవాటి తెల్లరాతి లింగాలు మొదట ఇలాంటి స్తంభాలేనని కొందరు చరిత్రకారులు వాదించారు, కాదన్నవారూ ఉన్నారు. తేల్చడం మన పని కాదు గానీ, తర్వాతి గుళ్లలో లింగాన్ని చూసేటప్పుడు ఈ వాదన గుర్తుంటే చూపు మారుతుంది.

భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడి లింగం పున్నమికి తెల్లగా, అమావాస్యకు నల్లబడి కనిపిస్తుందని చెబుతారు. ఒకే రోజు వెళ్లి వచ్చేవాళ్లకు ఆ తేడా తెలిసే దారి లేదు. అయితే ఇక్కడ తల పైకెత్తి చూడాల్సింది ఒకటుంది: శివుడి గుడి మీది అంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువు. కార్తీకంలో చేపా రొయ్యా ముట్టని జనంతో నిండిన బస్సు వాటికే పేరుపడ్డ భీమవరం మీదుగా పోవడం, నన్నడిగితే, ఈ యాత్రలోని అసలైన నిష్ఠ.

పాలకొల్లు గంటలోపు ప్రయాణం. గాలిగోపురం తొమ్మిది అంతస్తులు, దాదాపు 120 అడుగులు. క్షీరారామ లింగం మాత్రం పొట్టిది.

పాలకొల్లు దాటాక గోదావరి పాయలు దాటాలి. రావులపాలెం వైపు కాకుండా చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి దిగే బస్సయితే మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలు ఉన్నాయని గుర్తుంచుకోండి. ఆ దారే ఎదుర్లంక వంతెన మీదుగా యానాంలోకి తీసుకెళ్తుంది. 1954 దాకా అది ఫ్రెంచి వాళ్ల ఏలుబడిలో ఉన్న ఊరు.

ద్రాక్షారామంలో మాణిక్యాంబ అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకరు, భీమేశ్వరుడు త్రిలింగాల్లో ఒకరు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం రాసింది ఈ స్వామి మీదే. క్యూలో నిలబడ్డప్పుడు మాత్రం గోడలూ స్తంభాలూ చూడండి. వాటినిండా శాసనాలే, వందల కొద్దీ. దీపానికి ఆవుల్నీ గొర్రెల్నీ ఇచ్చినవారు, భూములు రాసిచ్చినవారు, రాజులు, వర్తకులు, ఆడవాళ్లు, అందరి లెక్కలూ రాతి మీదే ఉన్నాయి. వాటిలో తరచు కనిపించే పేరు కులోత్తుంగ చోళుడు. చోళుడంటే తమిళ రాజు అనుకుంటాం గానీ, ఆయన నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజ నరేంద్రుడి కొడుకు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. 1070లో తల్లివైపు సింహాసనం ఎక్కి తండ్రివైపు వేంగినీ చోళరాజ్యాన్నీ కలిపేశాడు. మనం చెప్పులు చేతపట్టుకుని ఆనుకుని నిలబడే స్తంభం మీద ఆ చరిత్ర అంతా ఉంటే, బస్సులో సగం మంది ఫోను చూసుకుంటూ ఉంటారు.

సామర్లకోట చేరేసరికి పొద్దు వాలుతుంది. వేంగిని 892 నుంచి ఏలిన చాళుక్య భీముడు కట్టించిన గుడి ఇది. కుమారారామ భీమేశ్వరుడి సున్నపురాయి లింగం సుమారు 14 అడుగులు. కింది అంతస్తులో పుట్టి పైకప్పును చీల్చుకుని రెండో అంతస్తులోకి వస్తుంది. పూజ పైన జరుగుతుంది. కాబట్టి కింద మొక్కి వచ్చేయకుండా మెట్లెక్కాలి. అలసిపోయిన కాళ్లు ఇక్కడే మొరాయిస్తాయి. ద్రాక్షారామం గుడిని చూసి వచ్చిన కళ్లకు రెండింటి పోలిక వెంటనే దొరుకుతుంది. ప్రాకారాల తీరూ రెండంతస్తుల గర్భగుడీ చాలావరకు ఒక్కటే.

బస్సు వద్దనుకునేవారికో మాట. సామర్లకోట విజయవాడ–విశాఖ ప్రధాన మార్గంలోని జంక్షన్. భీమవరం, పాలకొల్లు స్టేషన్లు నర్సాపురం దారిలో ఉన్నాయి. ద్రాక్షారామం కాకినాడ–కోటిపల్లి లైను మీద ఉంది, దానిమీద కొన్నేళ్లు ఒంటిపెట్టె రైలుబస్సు కూడా నడిచింది. రైలు ఎరగనిది అమరావతి ఒక్కటే. ఎర్రుపాలెం–నంబూరు కొత్త లైనుకు కేంద్రం 2024లో అనుమతి ఇచ్చింది. అది పూర్తయ్యేదాకా అమరేశ్వరుడి దగ్గరికి రోడ్డే దిక్కు.