ఉప్పునీళ్ల తొట్టి పెట్టేముందు

ఫోన్లలో రంగురంగుల పగడాల తొట్లు చూసి, మన పేటల్లో పిల్లలు "ఇంట్లో పెడదాం నాయనా" అంటున్నారు. షోలాపూర్‌కు సముద్రం దూరమే. అయినా పెట్టొచ్చు. కూలి డబ్బులు పెట్టేముందు నాలుగు సంగతులు తెలవాలె.

మొదటిది నీళ్లు. అద్దకం చేసినోళ్లకు బోరునీళ్ల సంగతి తెలుసు; రంగు సరిగ్గా పట్టదు. ఈ తొట్టికీ అవి వద్దు. ఆర్వో నీళ్లలో, అక్వేరియాలకు అమ్మే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 35 గ్రాములు కలపాలె. అంటే 50 లీటర్లకు 1,750 గ్రాములు. వంటింటి ఉప్పు పనికిరాదు. నీళ్లు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగులుతది. కాబట్టి తగ్గినంత ఉప్పులేని ఆర్వో నీళ్లే పొయ్యాలె.

రెండోది ఓపిక. చేపల మలంలోంచి, మిగిలిన మేతలోంచి పుట్టే అమ్మోనియా విషం. దాన్ని మార్చే సూక్ష్మజీవులు పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతది. అందాక చేపలు వెయ్యకుండా, చిటికెడు మేతేస్తూ తొట్టి నడపాలె. తొందరపడితే కొన్న చేపలు పోతయి.

మూడోది ఎండ. తొట్టి నీళ్లు 25, 26 డిగ్రీలుండాలె. మన ఎండాకాలం 40 దాటుతది. ఫ్యాన్ గాలితో కొంత తగ్గుతది గానీ, రేకుల ఇంట్లో అది చాలదు.

నాలుగోది చట్టం. పగడం రాయి కాదు, చిన్న చిన్న జీవాలు కట్టుకున్న ఇల్లు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రాతి పగడాలకు, సముద్రపు గుర్రాలకు రక్షణ ఉంది. ఎవరన్నా చాటుగా అమ్మినా కొనొద్దు.

మరి పిల్లలకేం చెప్పాలె? హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలు ఒక జత చాలు. వాటిని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థే రూపొందించింది. పగడాలు సముద్రంలోనే బతకనియ్యండి.