ప్రజ్ఞకు కొలబద్ద ఉన్నదా?

గత సంవత్సరం మా రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు స్టాఫ్ రూముకు వచ్చి ఒక కాగితం నా ముందుంచాడు. పట్టణంలో ఒకచోట జరిగిన ప్రజ్ఞా పరీక్షలో అతనికి లభించిన అంకె 84. "సార్, నేను బి.ఏ. మానివేయడం మంచిదంటారా?" అని అడిగాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగు మాధ్యమాన చదివిన ఆ కుర్రవానికి ఇచ్చిన ప్రశ్నాపత్రం ఆంగ్లంలో ఉన్నది. వద్దని అప్పటికప్పుడు చెప్పి పంపాను గాని, ఆ సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. అందువల్లనే ఈ వ్యాసం.

ఈ పరీక్షలు పుట్టినది పారిస్ నగరంలో. చదువులో వెనుకబడిన పిల్లలను గుర్తించి ప్రత్యేక బోధన కల్పించే మార్గం కోసం ఫ్రెంచి ప్రభుత్వం 1904లో ఒక సంఘాన్ని నియమించింది. అందులో సభ్యుడైన ఆల్‌ఫ్రెడ్ బినే, తన సహచరుడు సిమోన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్షను రూపొందించాడు. బిడ్డకు చేయూతనివ్వడమే దాని లక్ష్యం. ప్రజ్ఞ పుట్టుకతో వచ్చి మార్పు లేకుండా నిలిచిపోయే పరిమాణమన్న వాదాన్ని బినే 1909లోనే ఖండించాడు. 1911లో ఆయన మరణించాడు. మరుసటి ఏడు జర్మనీ దేశపు స్టెర్న్ మానసిక వయస్సును వాస్తవ వయస్సుతో భాగించమన్నాడు. 1916లో అమెరికాలో టెర్మన్ ఆ లబ్ధాన్ని 100తో గుణించాడు. పదేళ్ల బాలుడు ఎనిమిదేళ్లవారి స్థాయిలో జవాబులిస్తే 80. ఇదే ప్రజ్ఞాలబ్ధి.

పెద్దలకు ఈ భాగహారం పనికిరాదు. నలభై ఏళ్లవాని మానసిక వయస్సు ఇరవై అంటే అర్థమేమున్నది? కనుక వెక్స్‌లర్ 1939లో, ఈడువారి సగటును 100గా ఉంచి, ఒక వ్యక్తి దానికి ఎంత ఎగువన, ఎంత దిగువన ఉన్నాడో చెప్పే పద్ధతిని అనుసరించాడు. నేటి అంకెలు ఈ కోవకు చెందినవే. అనగా ఇది థర్మామీటరు చూపే డిగ్రీ వంటిది కాదు, తరగతిలో ర్యాంకు వంటిది. ఎవరితో, ఏ భాషలో పోల్చారన్నదే అసలు ప్రశ్న.

1931, 1932లలో సోవియట్ మనోవైజ్ఞానికుడు లూరియా ఉజ్బెకిస్తాన్ పల్లెలలో నిరక్షరులైన రైతులను ప్రశ్నించాడు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ: ఇందులో ఇమడనిది ఏది? చదువుకున్నవారు దుంగను తీసివేస్తారు, మిగిలినవి పనిముట్లు గనుక. రైతులు ఒప్పుకోలేదు. దుంగ లేనిదే రంపంతో పనేమి? మంచు కురిసే ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివే; ఫలానా చోటు ఆ ఉత్తరాననే ఉన్నది; అక్కడి ఎలుగుబంట్ల రంగేమిటి? చూడనిదానిని గురించి ఎట్లా చెప్పగలమన్నారు. పరీక్షలో ఇవి రెండూ తప్పులే. న్యాయస్థానంలో సాక్షి మాత్రం ఇట్లాగే మాట్లాడవలె! కొద్దికాలం బడికి వెళ్లినవారు ఆశించిన జవాబులే ఇచ్చారు. లూరియా దీనిని ఆలోచనా వికాసంలో ఒక దశగా భావించాడు. నాకు మాత్రం బడి నేర్పిన అలవాటే ఎక్కువగా కనిపిస్తున్నది.

బొమ్మలతో పరీక్షిస్తే ఈ చిక్కు తీరుతుందా? 1917లో అమెరికా సైన్యం చదువురాని వారికోసం బొమ్మల పరీక్ష పెట్టింది. వల లేని టెన్నిస్ మైదానాన్ని చూపి, లోపించినదేదో గీయమన్నది. టెన్నిస్ చూడని వలస కూలీ ఏమి గీయగలడు? మన దేశంలో భాటియా 1955లో అక్షరాస్యులకు, నిరక్షరాస్యులకు సమానంగా ఉపకరించే నిష్పాదన పరీక్షలను ప్రకటించాడు. అది మెచ్చదగిన ప్రయత్నమే. అయినా రంగు దిమ్మెలతో ఆడిన బిడ్డకూ, ఆడని బిడ్డకూ తేడా ఉండక తప్పదు.

మరొక విచిత్రం. 1932 నుండి 1978 వరకు అమెరికన్ల సగటు సుమారు 14 అంకెలు పెరిగినదని ఫ్లిన్ 1984లో చూపాడు. అంత స్వల్పకాలంలో వంశపారంపర్య లక్షణాలు మారవు. బడి, ఆహారం, పరిసరాలు మారాయి. టెర్మన్ మేధావి బాలల కోసం జరిపిన వెదుకులాటలో అర్హత పొందని షాక్లీ, అల్వారెజ్ తరువాత 1956లో, 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు పొందారు.

ఇంతమాత్రాన ఈ పరీక్షలను పారవేయమనడం నా ఉద్దేశం కాదు. బడి మార్కులను ఇవి చాలావరకు ముందుగా సూచించగలవు. వెనుకబడిన బిడ్డకు ఎక్కడ సాయం కావలెనో చూపగలవు. బినే కోరినది అంతే. ఓర్పు, ఊహాశక్తి, మనుషులను అర్థం చేసుకునే నేర్పు ఆ కాగితం మీదికి రావు.

ఆ విద్యార్థి ఇప్పుడు మూడవ సంవత్సరంలో ఉన్నాడు. ప్రశ్నాపత్రం అతనివద్దనే ఉన్నందున, మొన్న అందులో పది ప్రశ్నలను అతని చేతనే ఉర్దూలోకి మార్పించాను. అతడు తప్పిన వాటిలో మూడింట తెలియనిది జవాబు కాదు, ఒక్కొక్క ఆంగ్ల పదమే. మిగిలినవాటిలో రెండింటికి జవాబు నాకు కూడా వెంటనే తోచలేదు.